లివరు ఎంగిలి

ఆ వానాకాలం మా ఇంట్లో బూజు పట్టనిది ఏదైనా ఉందంటే అది మా అత్తగారి నాలుక ఒక్కటే. మిగతా అన్నిటికీ పట్టింది. బీరువాలో ఉన్న నా పెళ్ళినాటి కోటుకి పట్టింది. దాన్ని నేను పెళ్ళిరోజు తప్ప మళ్ళీ వేసుకోలేదు కాబట్టి నాకంటే బూజుకే అది ఎక్కువ ఉపయోగపడింది. చెప్పుల స్టాండుకి పట్టింది, గోడగడియారం వెనక పట్టింది. బూజు పట్టదని చెప్పి అమ్మిన పెయింటుకి అన్నిటికంటే ముందు పట్టింది.

అటక మీద అట్టపెట్టెలు ఉన్నాయి. మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దాని పెట్టె పారెయ్యరు, ఎప్పుడైనా ఇల్లు మారితే పనికొస్తుందని. మేం ఇల్లు మారలేదు. మిక్సీ పోయింది, దాని పెట్టె ఉంది. టీవీ పోయింది, దాని పెట్టె ఉంది. వస్తువులు వచ్చిపోయే చుట్టాలు, పెట్టెలే ఇంటి మనుషులు. వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం అత్తగారు నిచ్చెన వేసుకుని అటకెక్కి, ఆ పెట్టెలన్నీ దింపి, పొడిగుడ్డతో దులిపి, మళ్ళీ ఎక్కించారు. పారేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. దులిపినప్పుడు గది నిండా పచ్చటి పొడి లేచింది. ముక్కుకి కొంగైనా అడ్డం పెట్టుకోమని నా భార్య బతిమాలింది. హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి దుమ్ముకి భయపడుతుందా? ఆవిడకి దుమ్మే భయపడాలి.

అప్పటికే ఆవిడకి షుగరూ ఉబ్బసమూ ఉన్నాయి. ఉబ్బసానికి ఎప్పుడో ఒక డాక్టరు వారం రోజులు వాడమని రాసిచ్చిన స్టెరాయిడ్ బిళ్ళని ఆవిడ ఏళ్ళ తరబడి వాడుతున్నారు. వేసుకుంటే హుషారుగా ఉంటోందిట. పనిచేస్తున్న మందుని మానేయడం ఏం తెలివైన పని అని ఆవిడ వాదన. ఆ బిళ్ళ ఒంట్లో కాపలావాళ్ళని నిద్రపుచ్చుతుందని నేను ఒకసారి చెప్పబోయాను.

"మీరు కుందేళ్ళ సంగతి చూసుకోండి అల్లుడుగారూ," అన్నారు.

నిజమే, నేను చూసుకునేది కుందేళ్ళ సంగతే. యాంటీబాడీలు తయారుచేసే ల్యాబులో నా ఉద్యోగం. కుందేలుకి ఒక పదార్థాన్ని సూదితో ఎక్కిస్తే, దాని ఒళ్ళు ఆ పదార్థాన్ని ఆనవాలు పెట్టుకుని, మళ్ళీ కనిపిస్తే పట్టుకునే కాపలావాళ్ళని తయారుచేస్తుంది. ఆ కాపలావాళ్ళే యాంటీబాడీలు. కుందేలు చెవి నరంలోంచి కొంచెం రక్తం తీసి, అందులోంచి వాటిని వేరుచేసి, ఆస్పత్రి పరీక్షలకి వాడతాం. సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఇదంతా ఇలాగే వివరంగా చెప్పాను. అత్తగారు శ్రద్ధగా విని, జీతం నెలనెలా ఇస్తారా అని అడిగారు.

మా తోడల్లుడు బ్యాంకు మేనేజరు. ఎవరైనా వస్తే, "మా పెద్దల్లుడు, బ్యాంకు మేనేజరు" అని పరిచయం చేసేవారు. నా వంతు వచ్చేసరికి "మా చిన్నల్లుడు" అని అక్కడికి ఆపేవారు. వచ్చినవాళ్ళు మరీ గుచ్చిగుచ్చి అడిగితే, "జంతువుల వైపు" అనేవారు.

దులిపిన కొన్నాళ్ళకి దగ్గు పట్టుకుంది. తర్వాత జ్వరం. ఇంటి దగ్గరి డాక్టరు ఇచ్చిన మందులన్నీ అయిపోయాక, పెద్దాస్పత్రిలో స్కాన్ తీస్తే ఎడమ ఊపిరితిత్తిలో ఫంగస్ అని తేలింది. అక్కడి డాక్టరు నెమ్మదస్తుడు. పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పాలనుకునే మంచిమనిషి. అందుకే, "అంటే బూజులాంటిదేనమ్మా" అన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

"బూజా? నాకా?" అన్నారు అత్తగారు. తన ఇల్లు రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తారని, కావాలంటే వచ్చి చూసుకోవచ్చని చెప్పారు. ప్రాణం మీదికి వచ్చిందన్న బాధ కంటే శుభ్రత మీద మాట పడిందన్న బాధ ఆవిడ మొహంలో ఎక్కువ కనబడింది. బయట వరండాలో కుటుంబమంతా సమావేశమైంది. చుట్టాలకి న్యుమోనియా అని చెప్పాలని మా తోడల్లుడు తీర్మానించాడు. న్యుమోనియా పరువైన జబ్బు, ఎవరికైనా వస్తుంది. బూజు అంటే, వీళ్ళ వంటిల్లు ఎలా ఉంటుందో అనుకుంటారు. అందరం ఒప్పుకున్నాం. దాంతో చూడటానికి వచ్చినవాళ్ళంతా న్యుమోనియాకి సలహాలు ఇచ్చిపోయారు. మేం శ్రద్ధగా వినేవాళ్ళం.

నన్నూ నా భార్యనీ డాక్టరు విడిగా పిలిచి అసలు సంగతి చెప్పాడు. ఇది ప్రాణం తీసే జబ్బు. మందు ఉంది, మంచిదే. కానీ ఈ మందుతో ఒక చిక్కు: ఒకే బిళ్ళ ఇద్దరికి వేస్తే ఒకరి రక్తంలో నిండుగా ఉంటుంది, ఇంకొకరి రక్తంలో అడుగంటుతుంది. వాళ్ళ వాళ్ళ లివరుని బట్టి ఉంటుంది. తక్కువైతే ఫంగస్ చావదు, ఎక్కువైతే లివరు దెబ్బతింటుంది. అందుకని రక్తంలో మందు ఎంతుందో కొలుస్తూ ఉండాలి. కొలిచే పెద్ద మిషను దూరాన ఇంకో ఊళ్ళో ఉంది. అక్కణ్ణించి జవాబు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. పైగా ఇప్పుడది రిపేరులో ఉందిట.

"ఇక్కడే ఒక ల్యాబువాళ్ళు కొత్త పరీక్ష తయారుచేశారు. యాంటీబాడీతో చేస్తారు. ఇంకా బయటికి రాలేదు గానీ మాలాంటి ఆస్పత్రుల నుంచి రక్తం తీసుకుని పరీక్షించి చూస్తున్నారు. సాయంత్రానికి చెప్పేస్తారు," అన్నాడు.

నా భార్య నా వైపు తిరిగింది. "ఏమండీ, అది మీదేనా?"

మాదే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, నా చొక్కా వాసన గురించి కాకుండా నా ల్యాబు గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ పరీక్ష పుట్టిన తీరు చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. బూజుని చంపే ఆ మందు అణువు చాలా చిన్నది. ఒక్కదాన్నే ఎక్కిస్తే కుందేలు ఒళ్ళు దాన్ని లెక్కే చెయ్యదు. పెళ్ళిలో పేదచుట్టంలాగన్నమాట. ఒంటరిగా వస్తే ఎవరూ పలకరించరు, డబ్బున్నవాడి చెయ్యి పట్టుకుని వస్తే అందరూ లేచి కుర్చీ వేస్తారు. అందుకని మేం మందుని ఒక పెద్ద ప్రోటీన్‌కి కట్టి పంపిస్తాం. కుందేలు అప్పుడు కంగారుపడి, ఎవరీ మనిషి అని తేరిపార చూసి గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఏ కొస పట్టుకుని కట్టాం అన్నదాంట్లోనే ఉంది అంతా. కట్టిన కొస ప్రోటీన్ చాటున పడిపోతుంది. బయటికి కనిపించే కొసనే కుందేలు చూస్తుంది, దాన్నే గుర్తుపెట్టుకుంటుంది.

ల్యాబు నడిపే మా పెద్ద మేడం రెండు కొసలూ పట్టి చూసింది. ఒక కొస పట్టుకుని కడితే వచ్చిన యాంటీబాడీ నీరసంగా ఉంది. దాంతో ఒక్క పరీక్ష చెయ్యాలంటే పూటంతా కూర్చోవాలి. రెండో కొస పట్టి కడితే వచ్చింది మంచి చురుకైనది. మేడం చురుకైనదాన్నే ఎంచుకుంది. ఎవరైనా అదే చేస్తారు. బీపీ బిళ్ళలు, షుగరు బిళ్ళలు, నొప్పి బిళ్ళలు, ఈ మందుకి అక్కచెల్లెళ్ళ వరసయ్యే మందులు, అన్నిటినీ ఆ యాంటీబాడీ ముందు నిలబెట్టి, వీడేనా అని అడిగాం. అందరినీ కాదంది. నిక్కచ్చి మనిషని సంబరపడ్డాం. ఆ పరీక్ష కోసం మేడం ఎన్నో ఏళ్ళు పనిచేసింది. వానలు తగ్గగానే అన్ని ఆస్పత్రులకీ ఇవ్వాలని ఏర్పాట్లు జరుగుతున్నాయి.

అత్తగారి రక్తం వచ్చింది. పరీక్ష నేనే చేశాను. మందు సరిపడా ఉంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, పుస్తకంలో రాసినట్టు ఉంది. ఫోన్ చేసి చెప్పాను.

ఆ సాయంత్రం నేను వార్డులోకి అడుగుపెట్టేసరికి అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని నర్సుకి నన్ను పరిచయం చేశారు. "మా చిన్నల్లుడు. సైంటిస్టు." మా తోడల్లుడు తను కూర్చున్న కుర్చీలోంచి సగం లేచాడు. నేను వద్దు వద్దంటూనే అందులో కూర్చున్నాను. అప్పటిదాకా ఆ కుటుంబంలో నాకు దక్కిన మర్యాద అంతా కలిపినా ఆ కుర్చీకి సరిపోదు.

జ్వరం మాత్రం తగ్గలేదు.

వారం తిరిగాక మళ్ళీ రక్తం పంపారు. మళ్ళీ సరిపడా ఉంది. దగ్గులో రక్తపు చార కనబడింది. ఆవిడ అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలికేవారు. గొంతు తగ్గింది. వార్డులో ఎవరు ఎవరికి ఏమవుతారో అడగడం మానేశారు. ఆవిడ అడగడం మానేశారంటే ఒంట్లో ఏదో మానేసిందని అర్థం. రెండో స్కాన్‌లో మచ్చ పెరిగింది.

డాక్టరు మమ్మల్ని మళ్ళీ పిలిచాడు. నంబరు ప్రకారం రక్తంలో మందు సరిపడా ఉంది, అయినా ఫంగస్ పెరుగుతోందంటే ఇది ఈ మందుకి లొంగని రకం అయుండాలి అన్నాడు. ఇంకో మందు ఉంది, డ్రిప్‌లో ఎక్కించాలి. అది కిడ్నీల మీద పడుతుంది. షుగరు వల్ల ఆవిడ కిడ్నీలు ఇప్పటికే సగం పనే చేస్తున్నాయి.

"తట్టుకుంటారాండీ?" అంది నా భార్య.

ఆయన ఫైలు మూశాడు. ఇంకో దారి ఉంటే ఆ మందు జోలికి పోనన్నాడు. సోమవారం మొదలుపెడదామన్నాడు.

ఇంత జరుగుతుంటే ఆయన మాటల్లో నా చెవికి ముందు తగిలింది 'నంబరు ప్రకారం' అన్న ముక్క. ఎంత చెడ్డవేళలోనైనా మనిషి తన సరుకు పేరు వినబడితే చెవి రిక్కిస్తాడు. ఫంగస్ మొండిది, మందు చాలలేదు, కానీ మన నంబరు మాత్రం నిఖార్సైనది. నాకు దుఃఖంలో అదొక ఊరట. మా తోడల్లుడు ఫోన్లో ఎవరికో న్యుమోనియా ముదిరిందని చెబుతున్నాడు.

శనివారం మధ్యాహ్నం విజిటర్ల వేళ నేనూ నా భార్యా వార్డులో ఉన్నాం. పక్క మంచం మీద ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. ఆయనకీ అదే జబ్బు, అదే బిళ్ళ. ఆయన రక్తం కూడా మా ల్యాబుకే వచ్చేది. వచ్చినప్పటికంటే బాగా తేరుకున్నాడు. అత్తగారిని టీచరమ్మా అని పిలిచేవాడు. చిన్నప్పుడు ఆయన చదువు మానేసిన కారణాలన్నీ అత్తగారు రాబట్టి, ఒక్కటీ సరైనది కాదని తేల్చారు.

నేను బత్తాయి వలుస్తున్నాను. అత్తగారు కళ్ళు మూసుకునే మాట్లాడారు.

"అల్లుడుగారూ, నాకిచ్చే బిళ్ళ అసలుదేనా, కాస్త కనుక్కోండి."

ఎందుకొచ్చింది అనుమానం అన్నాను.

"ఇతనికి వేసుకున్న కాసేపటికల్లా దీపం చుట్టూ రంగులు కనిపిస్తాయిట. గోడ పచ్చగా, కిటికీ నీలంగా మెరుస్తుందిట. నాకు ఒక్కనాడూ ఏమీ కనిపించలేదు."

"ఇప్పుడూ అలాగే ఉంది టీచరమ్మా," అన్నాడు డ్రైవరు, కొంచెం తప్పుచేసినవాడిలా. "బస్సు నడిపేటప్పుడు ఇలా ఉంటే కష్టమే."

"అమ్మా, రంగులు కనబడకపోతే మంచిదే కదా," అంది నా భార్య.

"మంచిదో చెడ్డదో తర్వాత సంగతి. అందరికీ ఇచ్చింది మనకెందుకు ఇవ్వలేదు?"

నా భార్యకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను. దుకాణంలో ఒక్క గ్రాము తక్కువ తూచినా పట్టుకునే మనిషి, చావు ముందు కూర్చుని కూడా తూకం చూసుకుంటోందని. ఆ నవ్వులోనే డ్రైవరు నంబరు గుర్తొచ్చింది. ఆయన నంబరూ అత్తగారి నంబరూ దాదాపు ఒకటే. ఒకే మందు, ఒకే మోతాదు, రక్తంలో ఒకే అంకె. ఆ రంగులు ఆ మందు చేసే చిత్రమే. ఆయనకి గోడ పచ్చగా ఉంది. ఈవిడకి గోడ గోడలాగే ఉంది.

సగం వలిచిన బత్తాయి నా భార్య చేతిలో పెట్టి, ల్యాబులో చిన్న పనుందని లేచాను. తొక్క జేబులో వేసుకున్నానని బస్సెక్కాక చూసుకున్నాను.

దారంతా ఒకటే ఆలోచన. ఒంట్లోకి వెళ్ళిన మందుని లివరు కొరుకుతుంది. కొరికిన ముక్క మళ్ళీ రక్తంలోకే వస్తుంది. అది లివరు ఎంగిలి. చూడటానికి మందులాగే ఉంటుంది, ఒక్క కొసలో చిన్న గాటు తప్ప. ఫంగస్‌ని అది ఏమీ చెయ్యలేదు. ఎంగిలి విస్తరిలాంటిది, ఆకు ఉంటుంది, అన్నం ఉండదు. లివరు కొరికే ఆ కొస ఏది? మేం ప్రోటీన్‌కి కట్టిన కొసే. కుందేలు ఆ కొసని ఎన్నడూ చూడలేదు. చూడనిదానికి గాటు పడినా దానికి తెలీదు. ఊళ్ళో మందులన్నిటినీ దాని ముందు నిలబెట్టి అడిగిన మేం, సొంత ఇంట్లోంచి వచ్చిన ఎంగిలిని మాత్రం నిలబెట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

మొదటి కొస పట్టి చేసిన నీరసపు యాంటీబాడీ ఫ్రీజరులో అడుగున ఉంది. ఏదీ పారెయ్యని జబ్బు మా ఇంటికే కాదు, మా ల్యాబుకీ ఉంది. గాటు పడే కొస ఆ కుందేలుకి ఎదురుగా కనబడింది కాబట్టి, దానికి మందూ ఎంగిలీ తేడా తెలియాలి. మా పరీక్ష చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో చేస్తాం. రక్తంలో మందు ఉంటే గుంట వెలవెలబోతుంది, లేకపోతే పసుపు రంగు నిండుగా వస్తుంది. పక్కపక్కన అత్తగారి రక్తం, డ్రైవరు రక్తం పెట్టి కూర్చున్నాను. మేడంకి ఫోన్ చేశాను. ఏమిటని అడిగింది. వచ్చి చూడండి అన్నాను. బయట వాన పట్టుకుంది.

మేడం తడిగొడుగుతో లోపలికి వచ్చేసరికి రంగు తేలింది. ఇంట్లో కట్టుకునే చీరలోనే వచ్చేసింది. పళ్ళెం తీసుకుని దీపం కిందికి పట్టుకుంది. డ్రైవరు గుంట తెల్లగా ఉంది. దాని పక్క గుంట పసుపు.

"ఇది ఖాళీ గుంటా? మందు కలపకుండా పోల్చుకోవడానికి పెట్టావా?" అంది.

"కాదు మేడం. అది మా అత్తగారు."

మేడం పళ్ళెం బల్లమీద పెట్టింది. మళ్ళీ తీసింది. వెనక్కి తిప్పి చూసింది, అక్కడేదో వేరే జవాబు రాసి ఉంటుందేమో అన్నట్టు. తర్వాత స్టూలు మీద కూర్చుంది. నేను కొస సంగతి చెప్పబోయాను.

"తెలుసు. ఆ కొస పట్టి కట్టమంది నేనే," అంది.

గొడుగులోంచి నీళ్ళు గచ్చు మీద మడుగు కడుతున్నాయి. మేడం ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇంకో పళ్ళెం పెట్టి చూద్దామని గానీ, సోమవారం దాకా ఆలోచిద్దామని గానీ అంటుందేమో అనుకున్నాను. అలా అని ఉంటే కాదనే ధైర్యం నాకు ఉండేదో లేదో ఇప్పటికీ తెలీదు. ఆవిడ ఫోన్ తీసి డాక్టరు నంబరు నొక్కింది.

"డాక్టరుగారూ, మా నంబర్లు నమ్మకండి," అంది. "ఒక్క ఆవిడదే కాదు. ఎవరివీ నమ్మకండి."

ఎన్నో ఏళ్ళ పని ఆ ఫోన్‌తో అయిపోయింది. ఫోన్ పెట్టేసి, కుందేళ్ళకి మేత వేశారా అని అడిగింది.

సోమవారం డ్రిప్ పెట్టలేదు. అదే బిళ్ళ మోతాదు పెంచారు. బహుశా ఆవిడ లివరు మందుని వచ్చింది వచ్చినట్టే కొరికేసే రకం, దానికి వడ్డించినకొద్దీ వడ్డించాల్సిందే అన్నాడు డాక్టరు. మా నీరసపు యాంటీబాడీతోనే, పూటపూటంతా కూర్చుని, ఆవిడ రక్తం చూస్తూ వచ్చాం.

ఇంట్లో చెప్పాల్సింది నేనే కదా. చెప్పాను. మా తోడల్లుడు చాలా మర్యాదగా విని, మర్నాటి నుంచి తన కుర్చీలో తను కూర్చున్నాడు. నా భార్య తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీ నంబరు బాగుందని పక్కింటావిడకి కూడా చెప్పాను," అంది. అని, వెళ్ళి ఆరని బట్టలు ఒక తీగ మీంచి తీసి ఇంకో తీగ మీద వేసింది. కొన్నాళ్ళు మా మాటలు బట్టలు, పాలు, గొడుగులు ఇలాంటి వాటి మీదే నడిచాయి.

మోతాదు పెంచిన కొద్దిరోజులకి ఒక పొద్దున్న నేను ఫ్లాస్కుతో వార్డులోకి వెళితే అత్తగారు నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"ఏంటి అల్లుడుగారూ, చొక్కా అంత మెరుస్తోంది? ఎక్కడ కొన్నారు?"

అది నేను వారంలో సగం రోజులు వేసుకునే బూడిదరంగు చొక్కా. నా భార్య మంచం చివర కూర్చుని మొహం కొంగులో దాచుకుంది. పక్క మంచం మీంచి డ్రైవరు లేచి కూర్చున్నాడు. "వచ్చేశాయా టీచరమ్మా?" అన్నాడు, సంబంధం కుదిరిందా అని అడిగినట్టు. ఒక మనిషికి లేని రంగులు కనబడుతున్నాయని ఒక కుటుంబం అంత సంతోషించడం ఆ నర్సు ఎప్పుడూ చూసి ఉండదు. కళ్ళు అలవాటుపడి రంగులు త్వరలోనే పోయాయి, జ్వరమూ పోయింది. మూడో స్కాన్‌లో మచ్చ చిన్నదైంది.

వానలు వెనకబట్టే వేళకి ఆవిడ ఇంటికి వచ్చారు. సగానికి సగం అయిపోయారు. గదిలోంచి హాల్లోకి వచ్చి కూర్చోవడమే ప్రయాణం. ఒక ఆదివారం నన్ను ఎదురుగా కూర్చోమని, అసలేం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నారు. చెప్పాను. పేదచుట్టం, కొస, గాటు, ఎంగిలి, అన్నీ. పాఠం అప్పజెబుతున్న పిల్లాడిని విన్నట్టు విన్నారు. ఎక్కడా అడ్డు రాలేదు.

"ఆ తప్పు నంబరు ఇంకెవరెవరికి చెప్పారు?" అన్నారు.

ఆస్పత్రులన్నిటికీ మేడం ఆ శనివారమే ఫోన్లు చేసిందనీ, అందరి మోతాదులూ సరిచూశారనీ చెప్పాను.

"అందరివీనా?"

అందరివీ కాదని, ఒకామె సంగతి చెప్పాను. బట్టలు కుట్టుకు బతికే మనిషి. భర్త చిన్న ఆస్పత్రిలో ఉండేవాడు, రక్తం పంపడానికి అక్కడ వ్యాను లేదు. ఐసుముక్కలు వేసిన స్టీలు డబ్బాలో పెట్టుకుని తనే తెచ్చేది. సాయంత్రం ఫోన్ చేసి, ఎలా ఉందండీ అని అడిగేది. సరిపడా ఉందమ్మా అని చెప్పాను. రెండోసారీ అదే చెప్పాను. ఆ తర్వాత రాలేదు. తగ్గి ఉంటుందనుకున్నాను. మంచి కబురు చెప్పినవాడికి అలా అనుకోవడం తేలిక. మేడం ఫోన్ చేసినప్పుడు తెలిసింది, ఆయన అంతకు కొద్దిరోజుల ముందే పోయాడని. నంబరు సరిగ్గా ఉన్నా బతికేవాడో లేదో చెప్పలేం అన్నాడు అక్కడి డాక్టరు.

"ఆ అమ్మాయికి ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదన్నాను. చెప్పొద్దని మా తోడల్లుడు గట్టిగా అన్నాడు, కేసులూ గొడవలూ అవుతాయని. ఆస్పత్రివాళ్ళకి చెప్పాం, అక్కడితో మన బాధ్యత అయిపోయిందన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. ఇప్పుడు చెప్పి ఆమెకి ఒరిగేదేముంది అన్నాను.

"నాకు చెప్పారుగా."

"మీ సంగతి వేరు అత్తయ్యగారూ."

"ఏం వేరు? బతికున్నవాళ్ళకే చెబుతారా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నా భార్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. బల్లమీద ఉన్న ఫోన్ తెచ్చి నా చేతికి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత ఆవిడ వేళ్ళు నా చేతికి తగిలాయి.

చేశాను. అత్తగారికి వినబడాలని స్పీకరు పెట్టాను. ఆమె నా గొంతు వెంటనే పోల్చుకుంది, ల్యాబు సార్ కదండీ అంది. ఆ శనివారం బస్సులో ల్యాబుకి వెళ్తూ మేడంకి చెప్పాలని కూర్చుకున్న మాటలే మళ్ళీ కూర్చుకుని చెప్పాను, వీలైనంత చిన్నగా. మేం చెప్పిన నంబరు తప్పు. మీ ఆయన రక్తంలో మందు మేం చెప్పినంత ఉండకపోవచ్చు. మాకు అప్పుడు తెలీదు. తెలిసుంటే మోతాదు పెంచేవాళ్ళేమో.

ఆమె అరవలేదు. ఏడ్చినట్టు కూడా వినబడలేదు. వెనక కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు ఆగింది, అంతే. నేను ఉన్నారా అని రెండుసార్లు అడిగాను.

"ఉన్నానండీ," అంది. "మీరు బాగుందని చెప్పిన రోజున ఆయన కడుపునిండా తిన్నారు. అంతకుముందు చాలా రోజులు ఏమీ తినలేదు. ఆ రోజు అడిగి మరీ పెట్టించుకున్నారు." ఆగింది. "అయితే అది కూడా తప్పేనాండీ?"

నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ వెయ్యని ప్రశ్న. అత్తగారు చెయ్యి చాపారు. ఫోన్ అందులో పెట్టాను.

"తప్పు కాదమ్మా," అన్నారు. "నేను ఈయనకి అత్తగారిని. నేనూ ఆ బిళ్ళే మింగాను, నాకూ ఆ నంబరే చెప్పారు. నేనూ ఆ రోజు తిన్నాను."

అవతల మిషను ముందునుంచి కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఏం పెట్టావమ్మా ఆయనకి? చెప్పు, వింటాను."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.